రెండు ఉక్కు నగరాల నడుమ గజపతినగరం

2024 సెప్టెంబరు 16న విశాఖపట్నం–దుర్గ్ వందేభారత్ పట్టాలెక్కింది. దుర్గ్ పక్కనే భిలాయ్ ఉక్కు కర్మాగారం. ఇవతల చివర విశాఖ ఉక్కు. రెండు చివరల మధ్య ప్రయాణం ఎనిమిది గంటలకు తగ్గింది. ఆంధ్రలో విశాఖ దాటాక ఆ బండికి విజయనగరం, పార్వతీపురం అని రెండే స్టాపులు ఇచ్చారు. గొట్లాం, గరుడబిల్లి, గజపతినగరం, కోమటిపల్లి, డొంకినవలస స్టేషన్లను అది ఆగకుండా దాటిపోతుంది. వేగం బండి ప్రతి పల్లెలోనూ ఆగాలని ఎవరూ అడగరు, నేనూ అడగను. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. నూట పదిహేనేళ్లకు పైగా తమ పొలాల మధ్య నుంచి ఈ పట్టాలను పోనిచ్చిన ఊళ్లకు ఈ లైను ఏమిచ్చింది? ఇక ముందు ఏమివ్వబోతోంది? మూడో లైను పనులు, కొత్త రైల్వే జోను, కొత్త డివిజన్ల సరిహద్దులు అన్నీ ఒకేసారి ముందుకొచ్చిన ఈ సమయంలో అడగకపోతే మళ్లీ అడిగే అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు.

ఈ దారి రైలుకంటే పాతది. ఛత్తీస్‌గఢ్ మైదానం నుంచి తూర్పు కనుమలు దాటి సముద్రానికి దిగాలంటే సాలూరు ఘాటు ఒక మార్గం, రాయగడ–పార్వతీపురం మరొకటి. పెరిక ఎద్దుల మీద ధాన్యం, నూనెగింజలు, అడవి సరుకు వేసుకుని బంజారాలు కిందికి దిగేవారు. తిరిగి వెళ్లేటప్పుడు ఉప్పు వేసుకుని పోయేవారు. కొండ మీది వాళ్లకు సముద్రం అంటే ఉప్పు. సరుకు ఓడలకు ఎక్కే రేవు అప్పట్లో ఎక్కువగా భీమునిపట్నం. ఆ వ్యాపారంలో దారి పొడవునా ఊళ్లకు వాటా ఉండేది. ఎద్దులు ఆగేవి, మేసేవి, సంతల్లో సరుకు చేతులు మారేది. నడిచే దారి ఊళ్లను దాటవేయలేదు కదా.

1893 నుంచి 1896 వరకు బెజవాడ–కటక్ మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే దశలవారీగా తెరుచుకుంది. ఆ లైను ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. నాగపూర్ నుంచి కలకత్తా దాకా విస్తరించిన ఆ కంపెనీకి మధ్య పరగణాల ఖనిజాలూ ధాన్యమూ సముద్రానికి చేర్చే దగ్గర దారి కావాలి. మ్యాంగనీసు తవ్వకం మన దేశంలో మొదలైందే 1890ల తొలి ఏళ్లలో, విజయనగరం చుట్టుపక్కల. ఖనిజం విలువ తెలిసిన ప్రాంతం, పక్కనే తీరం, వెనక అంతులేని అడవీ మైదానమూ. రాయ్‌పూర్ దాకా లైను అన్న ఆలోచన ఈ లెక్కల్లోంచే పుట్టింది.

1908–09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్ల లైను తెరిచారు. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక శాఖ వేశారు. అక్కడితో పని ఆగిపోయింది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా మిగిలిన లైను పూర్తయ్యే సరికి 1931 వచ్చింది.

ఈ ఇరవై రెండేళ్ల విరామాన్ని చరిత్ర రాసేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, డబ్బు లేదు, అంతే. నాకు మాత్రం గజపతినగరం వైపు నుంచి చూస్తే ఈ లైను చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన కాలం అదే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఇరవై రెండేళ్లూ ఇది రెండు నగరాలను కలిపే లైను కాలేదు. ఒక చివర సంస్థానం ఊరు విజయనగరం, మరో చివర కొండ అంచున సంత ఊరు పార్వతీపురం, పక్కకు సాలూరు. ఈ పట్టాల మీద నడిచే బండికి ఈ ఊళ్లు తప్ప వేరే పని లేదు. బెల్లం, నువ్వులు, గోగునార, ధాన్యం ఎక్కడానికీ, జనం కోర్టుకూ ఆస్పత్రికీ చదువుకూ వెళ్లడానికే అది నడిచింది. లైను అసంపూర్ణంగా ఉన్నంత కాలం అది పూర్తిగా మనదిగా ఉంది. పూర్తయిన రోజు నుంచి మనం దాని దారిలో ఉన్న ఊళ్లమయ్యాం.

ఆగిన పనిని మళ్లీ కదిలించింది రేవు. విశాఖలో పెద్ద ఓడలు నిలిచే లోతైన రేవు కట్టవచ్చనీ, మధ్య పరగణాల సరుకుకు అదే సరైన ద్వారమనీ బ్రిటిష్ నౌకాదళ అధికారి కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ సూచించాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే దానికి గట్టి మద్దతు ఇచ్చింది. రేవుకు సరుకు కావాలి, సరుకుకు లైను కావాలి, లైనుకు పెట్టిన డబ్బు రావాలంటే రేవు కావాలి. ఒకదాన్ని ఒకటి పట్టుకుని రెండు పనులూ నడిచాయి. 1931లో లైను రాయ్‌పూర్ చేరింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ఎస్.ఎస్. జలదుర్గ రేవులోకి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. భీమునిపట్నం రేవు అప్పటికే చిక్కిపోతోంది, ఇక లేవలేదు.

ఈ దారి ఎంపికలో ఇంజనీర్ల తెలివి కనిపిస్తుంది. తూర్పు కనుమలను ఎదురుగా ఎక్కకుండా, నాగావళి వైపు కొండలు తగ్గే చోట లోపలికి దూరారు. ముప్పై ఏళ్ల తర్వాత బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ లైను 58 సొరంగాలతో, వెయ్యి మీటర్ల ఎత్తు దాకా ఎక్కవలసి వచ్చింది. దాని పక్కన పెట్టి చూస్తే రాయగడ దారి సులువు. బరువు బళ్లకు సులువైన దారి దొరికితే రైల్వే దాన్ని వదలదు. ఈ లైను మీద సరుకు ఏటికేడు పెరగడానికి కారణం అదే.

స్వాతంత్ర్యం వచ్చాక చివరలు మరింత బరువెక్కాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1944లోనే ప్రభుత్వం చేతికి వచ్చింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. అదే ఏడాది భిలాయ్ కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశమంతటా పరిచే రైలు పట్టాల్లో ఎక్కువ భాగం తయారయ్యేది భిలాయ్‌లోనే. 1963లో సంబల్‌పూర్–టిట్లాగఢ్ లైను తెరవడంతో ఉత్తరాన బొగ్గు, ఉక్కు ప్రాంతాల నుంచి మరో దారి వచ్చి ఇందులో కలిసింది. ఇవతల విశాఖలో రేవు పెరిగింది. ఎన్నో ప్రాణాలు బలిచ్చి సాధించుకున్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. మధ్యలో సింగపూర్ రోడ్డు దగ్గర కాగితం మిల్లు, తెరువలి ఫెర్రో అల్లాయిస్, లాంజిగఢ్ అల్యూమినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో పరిశ్రమలు. పట్టాల మీద నడిచేది క్రమంగా బొగ్గు, ఖనిజం, ఉక్కు బళ్ల వరసే అయింది. రెండో లైను దశలవారీగా వచ్చింది, కరెంటు ఇంజన్లు వచ్చాయి. అవి వచ్చిన ప్రతిసారీ పెరిగిన జాగా మొదట గూడ్సుతోనే నిండింది.

రాయగడ పాసింజరు ఎక్కేవాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. బండిని లూప్‌లో పెట్టేస్తారు. పక్క లైనులో యాభై పెట్టెలకు పైగా ఉన్న గూడ్సు దడదడమంటూ పోతుంది. ఆ వెనక ఎక్స్‌ప్రెస్. అది పోయాక సిగ్నల్ పడుతుంది. విజయనగరంలో కాలేజీ మొదటి పీరియడ్ అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇలా నాలుగు రోజులు జరిగితే ఆ కాలేజీకి వెళ్లే పిల్ల ఐదో రోజు బస్సు పాసు తీసుకుంటుంది. పాసింజర్లో జనం తగ్గారని రైల్వే లెక్క రాసుకుంటుంది. జనం తగ్గారు కాబట్టి బండి అవసరం లేదన్న మాట ఆ లెక్కలోంచే వస్తుంది. వేళకు రాని బండిని చూపించి జనానికి రైలు అక్కర్లేదని తేల్చడం న్యాయం కాదు.

గూడ్సుతో పాటు ఈ లైను మనుషులనూ మోసింది, ఒకే దిక్కుగా. కాంటాబంజి, టిట్లాగఢ్ స్టేషన్లు పశ్చిమ ఒడిశా వలసకు గుమ్మాలు. పంటలు అయ్యాక అక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలు, చంటిపిల్లలతో సహా, తెలంగాణ ఇటుక బట్టీలకు పోతాయి. మన బొబ్బిలి, సాలూరు, గజపతినగరం వైపు జనం బెజవాడకూ హైదరాబాదుకూ చెన్నైకీ భవనాల పనులకు పోతారు. ఇంత ఖనిజం, ఇంత ఉక్కు కళ్లముందు నుంచి పోతున్న చోట పని దొరక్క మనుషులు పోవడం ఏ అభివృద్ధి పటంలోనూ కనిపించదు. నెల్లిమర్ల, బొబ్బిలి, జీగిరాం జూట్ మిల్లులకు తాళాలు పడటం, తెరవడం, మళ్లీ పడటం చూసిన జిల్లా ఇది. గోగు వేసే రైతూ మిల్లు కార్మికుడూ ఒకే ఇంట్లో ఉండే ఊళ్లు ఇవి. లైను పక్కన ఊరుంటే పరిశ్రమ దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని ఈ నూరేళ్లు నిలబెట్టలేదు. సరుకు దిగేచోట పరిశ్రమ వస్తుంది, సరుకు దాటిపోయేచోట రాదు.

మరి ఊళ్ల సరుకు ఎటు పోయింది? రోడ్డెక్కింది. రైలు చేయని పనిని సాలూరు లారీలు చేశాయి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పోయే రోడ్డు, పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి, సాలూరును లారీల ఊరుగా చేసింది. ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, టైర్ల షాపులు, బాడీ కట్టే షెడ్లు. రామభద్రపురం కూరగాయలు, మానాపురం సంత పశువులు ఆ రోడ్డు మీదే కదిలాయి. రైలు శాఖ వేసిన ఊరు రోడ్డుతో బతికింది. ఇప్పుడు ఆ రోడ్డుకూ పోటీ వచ్చింది. 464 కిలోమీటర్ల రాయ్‌పూర్–విశాఖ ఆరు వరసల రహదారిలో ఆంధ్ర భాగానికి 2022 నవంబరు 12న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఊళ్లను తప్పించుకుంటూ పొలాల్లోంచి పోయే రహదారి అది. 1931లో రైలుకు జరిగిందే రేపు రోడ్డుకు జరగవచ్చు. చివరలు దగ్గరవుతాయి, మధ్య ఊళ్లు పక్కకు జరుగుతాయి.

ప్రాణాల విషయం చెప్పకుండా ఈ లైను గురించి రాయడం తప్పు. 2017 జనవరి 21 రాత్రి జగదల్‌పూర్–భువనేశ్వర్ హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. దాదాపు నలభై మంది చనిపోయారు. 2023 అక్టోబరు 29 ఆదివారం సాయంత్రం కంటకాపల్లి–అలమండ మధ్య విశాఖ–పలాస పాసింజరును వెనక నుంచి విశాఖ–రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. రెండోది జరిగింది మెయిన్ లైను మీద. కానీ ఆ రాయగడ బండిలో కూర్చున్నవాళ్లు ఈ ఊళ్లవాళ్లు. రెండు పాసింజర్లూ సెలవు పూట ఇంటికి చేరాలనుకున్న చిన్న జీతగాళ్ల, కూలీల, పిల్లల బళ్లు. సిగ్నళ్లకూ పట్టాల తనిఖీకీ, ఆటోమేటిక్ రక్షణ వ్యవస్థ ‘కవచ్’కూ పెట్టే ఖర్చు వందేభారత్ నడిచే దారులతో పాటు పాసింజరు నడిచే దారులకూ సమానంగా రావాలని అడిగే హక్కు ఈ రెండు తేదీలు మనకిచ్చాయి.

ఆ రెండు ప్రమాదాల మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. 2020 మార్చిలో కొవిడ్‌తో పాసింజర్లు ఆగాయి. తిరిగి వచ్చినప్పుడు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి. పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. అవే పెట్టెలు, అవే ఆగుడు, అదే లూప్‌లైను. పాత చార్జీ తిరిగి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. గరుడబిల్లి నుంచి విజయనగరం మార్కెట్‌కు కూరగాయల గంప తెచ్చే మనిషికి రానూ పోనూ నలభై రూపాయల తేడా అంటే ఆ రోజు లాభంలో పెద్ద ముక్క. అలాంటివాళ్లు ఆటోలకు మళ్లారు. మళ్లినవాళ్లు అందరూ తిరిగి రాలేదు.

రైల్వే వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సగటున ప్రతి ప్రయాణికుడి టికెట్టు మీద 46 శాతం రాయితీ ఇస్తున్నామని రైల్వే మంత్రిత్వ శాఖ పార్లమెంటులో చెప్పింది. ఆ లోటు గూడ్సు ఆదాయమే పూడుస్తుంది. గూడ్సు వేగంగా నడవకపోతే పాసింజరుకు పెట్టే డబ్బే ఉండదు. నిజమే. కానీ 46 శాతం అనేది దేశం మొత్తం మీద, ఏసీ పెట్టె నుంచి సబర్బన్ దాకా కలిపి తీసిన సగటు. విజయనగరం–పార్వతీపురం మధ్య ఉన్న పట్టాలు, ఉన్న తీగలు, ఉన్న స్టేషన్ల మీద అదనంగా ఒక మెమూ లోకల్ బండి నడపడానికి అయ్యే ఖర్చు వేరే లెక్క. ఇక్కడ అసలు కొరత డబ్బుకంటే దారిది. రోజుకు ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని బళ్లు పట్టాలెక్కగలవు, అందులో ఎవరికి ఎన్ని అనేదే పంచాయితీ. ఆ పంపకంలో నూరేళ్లుగా పల్లె తరఫున మాట్లాడినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ పంపకం కొత్తగా జరగబోతోంది. విజయనగరం–టిట్లాగఢ్ మూడో లైనును 264 కిలోమీటర్ల మేర 2015లో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదించింది. మూడో పట్టా వచ్చినప్పుడు కొత్త దారులు పుట్టుకొస్తాయి. ముందే కొంత వాటా స్థానిక బళ్లకు రాసి పెట్టకపోతే అదంతా గూడ్సు నింపేస్తుంది. గూడ్సుకు ఎంత జాగా ఇచ్చినా చాలదు. రేవుకు వచ్చే బొగ్గు ఓడకు హద్దు లేదు. అందుకే అడగవలసిన కాలం పని పూర్తయ్యాక కాదు, ఇప్పుడే. విజయనగరం–రాయగడ మధ్య రోజుకు కనీసం ఆరు జతల మెమూలు, ఉదయం తొమ్మిది లోపు విజయనగరం చేరేలా రెండు, సాయంత్రం ఐదు తర్వాత బయలుదేరేలా రెండు. వీటిని గూడ్సు కోసం లూప్‌లో పెట్టకూడదన్న నియమం టైంటేబుల్లోనే రాయాలి. ఇది పెద్ద కోరిక కాదు. మహానగరాల లోకల్ బళ్లకు రైల్వే ఎప్పటి నుంచో ఇస్తున్న మర్యాదే.

చదువుల లెక్క చూసినా అవసరం కనిపిస్తుంది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. స్థలం మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో, గజపతినగరానికి చేరువలో. అక్కడ చదవాలనుకునే పిల్లలు పార్వతీపురం మన్యం నుంచీ, రాయగడ వైపు కొండల నుంచీ వస్తారు. వాళ్ల ఊళ్లను ఆ ప్రాంగణానికి కలిపే పట్టాలు వందేళ్ల కిందటే వేసి ఉన్నాయి. వాళ్లు ఎక్కే బండి, దిగే వేళ, స్టేషన్ నుంచి ప్రాంగణానికి బస్సు అనే మూడింటినీ కలిపి ఆలోచించే అధికారి ఒక్కరైనా ఉండాలి.

సాలూరు శాఖ సంగతి కూడా ఇందులోనిదే. దాని మీద ఏళ్ల తరబడి రైలుబస్సు నడిచింది. బండిలోనే కండక్టరు టికెట్టు కోసేవాడు. నష్టాల లైను అని ముద్ర వేయడం సులువు. బ్రిటన్ 1960లలో అలాంటి ముద్రతోనే వేల మైళ్ల పల్లె లైన్లను ఎత్తేసింది. 1969లో మూసిన ఎడిన్‌బరో దక్షిణపు లైనులో కొంత భాగాన్ని స్కాట్లండ్ ప్రభుత్వం 2015లో మళ్లీ కట్టుకుంది. ఎత్తేసిన దారిని మళ్లీ వేయడానికి పెట్టిన ఖర్చు ఎంతో అక్కడివాళ్లకు తెలుసు. సాలూరు పట్టాలు ఇంకా మన చేతిలో ఉన్నాయి. ఆ శాఖను బొబ్బిలి దగ్గర ఆపకుండా విజయనగరం దాకా నేరుగా నడిచే బండికి అప్పగిస్తే, రోడ్డు మీద గంటన్నర ఊగిసలాడే జనం రైలుకు వస్తారు.

ఇక సరిహద్దు. 2025 జనవరి 8న దక్షిణ కోస్తా రైల్వే జోను ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ను రెండు ముక్కలు చేయడాన్ని ఆమోదించింది. సుమారు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్ కొత్త జోనులోకి, మిగిలింది రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలోకి. కిరండూల్ లైను ఆదాయం రాయగడకు పోవడం మీద ఆంధ్రలో చర్చ బాగానే జరిగింది. మన లైను కూనేరు దగ్గర తెగడం మీద మాత్రం దాదాపు ఏ చర్చా లేదు. విజయనగరం నుంచి కూనేరు దాకా విశాఖ డివిజన్. కూనేరు నుంచి తెరువలి దాకా రాయగడ. ఆ పైన సంబల్‌పూర్. చివర రాయ్‌పూర్. ఒకే లైను మీద నాలుగు డివిజన్లు, మూడు జోన్లు. గూడ్సుకు దీనివల్ల ఇబ్బంది లేదు, దాని వెనక ఉక్కు సంస్థలూ రేవూ ఉన్నాయి. ఇబ్బంది రాయగడ పాసింజరుకు. కొమరాడ మండలం గిరిజనులకు దగ్గరి పట్టణం కొన్ని పనులకు పార్వతీపురం, కొన్ని పనులకు రాయగడ. వాళ్ల బండి వేళ మార్చాలంటే ఇకపై రెండు జోన్ల కార్యాలయాలు ఒప్పుకోవాలి.

ఈ లైను మొదటి 79 కిలోమీటర్లు మొత్తం ఇప్పుడు ఒకే డివిజన్ చేతిలో, విశాఖ కార్యాలయం కిందికి వచ్చింది. 1931 తర్వాత ఆ భాగాన్ని ఒక సొంత లైనుగా చూడగలిగే వీలు కలగడం ఇదే మొదటిసారి. కొత్త డివిజన్ మొదటి టైంటేబుల్ తయారయ్యే లోపే విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ఎంపీలు, ఎమ్మెల్యేలు, ప్రయాణికుల సంఘాలు మెమూల జాబితా, సాలూరు నేరు బండి, కూనేరు దగ్గర రెండు జోన్ల ఉమ్మడి వేళల ఒప్పందం అనే మూడు కాగితాలు తీసుకుని విశాఖ డీఆర్ఎం కార్యాలయానికి వెళ్లాలి. స్టేషన్ల సుందరీకరణ, కొత్త ఎస్కలేటర్ల గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.